మిర్చి తోటలో సోలార్ లైన్ టవర్: డబ్బు పొలం యజమానికి, నష్టం కౌలురైతుకి. మేం ఎవరిని అడగాలి?

సుజాత_ప్రత్తిపాడు | ఫిబ్రవరి 3, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఓ మందుల షాపులో పనిచేస్తాను. నాన్న ప్రత్తిపాడు వైపు మా ఊళ్లో రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశారు. ఎకరానికి రూ.35 వేలు కౌలు, నాటకముందే కట్టేశాం. పొలం ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు.

పోయిన నెల, మొదటి కోతకు ఇంకో వారం ఉందనగా పొలంలోకి జేసీబీ వచ్చింది. రాయలసీమ నుంచి సోలార్ కరెంటు తెచ్చే పెద్ద లైన్ అట, ఒక టవర్ మా తోటలో పడుతుందట. నాన్న అడ్డం వెళ్తే సూపర్‌వైజర్ ఫోన్‌లో ఒక కాగితం చూపించాడు. దాని మీద ఆసామి సంతకం ఉంది. డబ్బు కూడా ఆయన ఖాతాలో పడిపోయింది. "నీకేం కావాలన్నా ఆయన్నే అడుగు పెద్దాయనా, పని ఆపితే పోలీసులొస్తారు" అన్నాడు.

నాలుగు కాళ్లకు నాలుగు గుంతలు తవ్వారు. గుంతలు, వాటి మధ్య జాగా, జేసీబీ తిరిగిన దారి, కాంక్రీటు బండి వచ్చిన దారి అన్నీ కలిపి పాతిక సెంట్ల పైనే తోట పోయింది. పండు కాయ మట్టిలో తొక్కుడు పడి ఉంటే నాన్న ఆ సాయంత్రం బకెట్ పెట్టుకుని ఏరారు. కడిగి పట్టా మీద ఆరబోస్తే సగం తాలు కింద తేలింది. ఆసామికి ఫోన్ చేశాం. "టవర్ పడింది నా భూమిలో, రేపు అమ్మితే ధర తగ్గేది నాకు, ఆ డబ్బు నాది" అన్నారు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. కానీ పోయిన కాయ మాది కదా?

కౌలు కాగితం లేదు, నోటిమాటే. ఇలాంటప్పుడు నాన్నకి అడిగే హక్కు ఉంటుందా? సోలార్ కరెంటు వద్దని మేం అనడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_వకీలు | ఫిబ్రవరి 3, రాత్రి 10.25

సుజాత గారూ, హక్కు ఉంది. ముందు మూడు సంగతులు చెప్పండి. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పంట ఎవరి పేరున ఎక్కింది? తోట పాడైనప్పటి ఫొటోలు ఉన్నాయా? రెవెన్యూవాళ్లు వచ్చి పంచనామా రాశారా?

ఈలోగా చట్టం సంగతి. కరెంటు టవర్ల తగాదాలు ఇన్నేళ్లూ నడిచింది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నియమాల మీదే. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద ఆ అధికారాలు పొందిన సంస్థ రైతు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లైన్ వేయొచ్చు. పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అందుకే టవర్ పీకించే ఆశ పెట్టుకోకండి, డబ్బూ కాలమూ రెండూ పోతాయి.

పరిహారం మాత్రం వేరే విషయం. ఆ టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షన్ ఏమంటుందంటే, వీలైనంత తక్కువ నష్టం చేయాలి, చేసిన నష్టానికి సంబంధం ఉన్న వారందరికీ పూర్తి పరిహారం ఇవ్వాలి. "యజమానికి" అని రాయలేదు. పంట వేసినవాడికంటే ఆ పంటతో సంబంధం ఉన్నవాడు ఎవరుంటారు? ఇచ్చింది చాలకపోతే 16(3) కింద జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. డబ్బు ఎవరికెంత అన్నదే తగువైతే 16(4) ప్రకారం సంస్థ ఆ సొమ్ము కోర్టులో కట్టేయొచ్చు, జడ్జి పంచుతారు. ఇలాంటి తగువు వస్తుందని 1885లోనే ఊహించారన్నమాట.

సింగ్‌నగర్_కిరణ్ | ఫిబ్రవరి 4, ఉదయం 7.15

అక్కా, మీ నాన్నగారి కష్టం అర్థమైంది. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అమ్మ, నేను డాబా మీద మూడు రాత్రులు ఉన్నాం. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంత వరద అక్కడ ఎప్పుడూ రాలేదన్నారు. మే నెలలో బెజవాడ ఎండ సంగతి సరేసరి. బొగ్గు తగ్గాలంటే సోలార్ రావాలి, సోలార్ రావాలంటే లైన్లు రావాలి. ప్రతి టవర్ దగ్గరా ఒక కేసు పడితే ఆ లైను మా పిల్లల కాలానికి గానీ పూర్తికాదు. డబ్బు అడగండి, తప్పులేదు. పని ఆగే దారి మాత్రం పట్టకండి.

సుజాత_ప్రత్తిపాడు | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1.50

కిరణ్ తమ్ముడూ, మేం పని ఆపలేదు. ఆపగలిగేవాళ్లం కూడా కాదు. టవర్ లేచి నిలబడింది, నాన్న దాని కిందే నీళ్లు పెడుతున్నారు. నువ్వు డాబా మీద ఉన్న మూడు రోజులు మా ఊళ్లోనూ వానే. మాకూ ఆ ఎండే, ఆ వానే. లైన్ అందరి కోసం వేస్తున్నారంటే ఒప్పుకుంటాను. అందరి కోసం వేసే లైన్‌కి మా ఒక్క పంటే ఎందుకు పోవాలి?

వకీలు గారూ, ఫొటోలు 11 ఉన్నాయి, తేదీలతో సహా ఫోన్‌లో ఉన్నాయి. పంచనామా ఎవరూ రాయలేదు. ఈ-క్రాప్ కనుక్కుని చెప్తాను.

రిటైర్డ్_ఏఈ_కొండపల్లి | ఫిబ్రవరి 4, సాయంత్రం 6.05

అమ్మాయ్, నేను లైన్లు వేయించిన మనిషినే. 31 ఏళ్లు కరెంటు శాఖలో చేశాను. మా రోజుల్లో రైతు చేతిలో పెట్టింది చాలా తక్కువ, ఆ సంగతి ఒప్పుకోవాలి.

కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో టవర్ కాళ్ల కింద జాగాకు భూమి విలువలో 85 శాతం, తీగల కింద జాగాకు 15 శాతం దాకా అన్నారు. 2024 జూన్‌లో దాన్ని టవర్ జాగాకు 200 శాతం, తీగల కిందికి 30 శాతం చేశారు. ఇవన్నీ భూమి విలువ లెక్కలు, కాబట్టి ఆసామికి వెళ్తాయి. పంట నష్టం, చెట్ల నష్టం వీటిలో కలిసిలేవు, వాటికి విడిగా కట్టాలి. క్షేత్రంలో జరిగే తప్పు ఇక్కడే. లైన్‌మెన్ దగ్గర నుంచి సూపర్‌వైజర్ దాకా రెండింటినీ ఒకే చెక్కుగా చూస్తారు, పట్టాదారు పేరున రాసేసి చేతులు దులుపుకుంటారు. మీ ఆసామికి వచ్చిన డబ్బులో పంట పద్దు ఉందో లేదో ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి.

ఇంకో సంగతి కూడా చెప్తాను, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 2019 జులైలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సోలార్, గాలిమర కంపెనీలతో ఉన్న ఒప్పందాల రేట్లు మళ్లీ మాట్లాడాలని కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఆ సెప్టెంబరులో సింగిల్ జడ్జి, విషయం తేలేదాకా యూనిట్‌కు రూ.2.43, రూ.2.44 లెక్కన కట్టమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచి దాన్ని పక్కన పెట్టి, ఒప్పందంలో ఉన్న రేటే ఇవ్వాలి, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలి అంది. ఆ తీర్పును తప్పుపట్టను, ఒప్పందం చేసుకున్నాక మాట తప్పకూడదు. కంపెనీల దగ్గర 25 ఏళ్ల ఒప్పందం స్టాంపు కాగితం మీద ఉంది, పెద్ద పెద్ద లాయర్లున్నారు, రెండున్నరేళ్లు ఆగే ఓపిక ఉంది. మీ నాన్నకి 11 నెలల నోటిమాట కౌలు, వారంలో కోత.

లా_స్టూడెంట్_నంబూరు | ఫిబ్రవరి 4, రాత్రి 11.30

ఏఈ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సుప్రీంకోర్టు 2024 మార్చి 21న ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో, వాతావరణ మార్పుల కీడు నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల కింద మన హక్కు అంది. ఆ కేసు కూడా కరెంటు తీగల గొడవే! రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేకతల పిట్టలు తీగలు తగిలి చచ్చిపోతున్నాయని 2021లో లైన్లు భూమిలో వేయమన్న కోర్టు, సోలార్ అవసరం చూసి మూడేళ్లకు ఆ ఆర్డరు మార్చింది. 21 జీవించే హక్కు, 14 సమానత్వం. దెబ్బ పేదవాళ్లకే ఎక్కువ తగులుతుంది కాబట్టి 14 కూడా వచ్చింది. అంటే కిరణ్ అన్నది 21వ అధికరణం, సుజాత అక్క అడిగేది 14. రెండూ ఒకే తీర్పులో ఉన్నాయి.

బయటి దేశాల్లోనూ ఇదే తంతు. నార్వేలో ఫోసెన్ దగ్గర 151 గాలిమరలు పెట్టారు. అవి సామీ తెగవాళ్లు రెయిన్‌డీర్లు మేపుకునే చలికాలపు బీళ్లు. 2021 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు ఆ అనుమతులు చెల్లవంది.

బెజవాడ_వకీలు | ఫిబ్రవరి 5, ఉదయం 6.50

తమ్ముడూ, ఫోసెన్ సంగతి మిగతా సగం కూడా చెప్పాలి. తీర్పు వచ్చాక కూడా ఆ మరలు తిరుగుతూనే ఉన్నాయి. ఐదొందల రోజులైనా ఏమీ కదలకపోతే సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖ ముందు కూర్చున్నారు. చివరికి 2023 డిసెంబరులో ఒక గుంపుతో, 2024 మార్చిలో ఇంకో గుంపుతో రాజీ ఒప్పందాలయ్యాయి. మరలు అక్కడే ఉన్నాయి. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర 365 మరల ప్రాజెక్టుకు 1.5 లక్షల ఎకరాలు ఇచ్చిన తీరు చట్టప్రకారం లేదని 2021లో మేరు కోర్టు చెప్పింది. అప్పటికి మరలు కరెంటు ఇస్తూ ఏళ్లయింది. కట్టేశాక గెలిస్తే ఇలాగే ఉంటుంది. అందుకే కాయ ఎండిపోకముందే, గుంత పూడ్చకముందే పంచనామా రాయించమని నా గోల.

రంజిత్‌సింహ్ తీర్పు మంచిదే. కానీ దాన్ని పట్టుకుని ప్రత్తిపాడు తాసిల్దార్ దగ్గరికి వెళ్తే పని కాదు. అక్కడ పనికొచ్చేది ఈ-క్రాప్ ప్రింటవుట్.

తెనాలి_ప్రసాద్ | ఫిబ్రవరి 5, ఉదయం 10.10

నేను ఆసామి వైపువాణ్ణి. నాలుగెకరాలు కౌలుకిచ్చి ఉద్యోగం కోసం బయట ఉంటున్నాను. మమ్మల్ని దుర్మార్గుల్లా చూడకండి. 1956 కౌలుదారీ చట్టం పేరు చెబితే మా నాన్న నిద్రపోయేవారు కాదు, కాగితం రాస్తే పొలం పోతుందని ఆయన భయం. ఆ భయమే మాకూ వచ్చింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో కౌలురైతుకు 11 నెలలకే సాగు హక్కు కార్డు, భూమి మీద హక్కు రాదు అని స్పష్టంగా ఉంది. అయినా యజమాని సంతకం కావాలి అనేసరికి చాలామంది వెనక్కి తగ్గుతారు. నేనూ రెండేళ్లు తగ్గాను.

పోయినేడు సంతకం పెట్టాను. మా కౌలుదారు కార్డు చూపించి బ్యాంకులో పంట రుణం తెచ్చుకున్నాడు, నా భూమి నా దగ్గరే ఉంది. సుజాత గారూ, మీ ఆసామితో కోపంగా కాకుండా ఒకసారి కూర్చుని మాట్లాడండి. భూమి డబ్బు ఆయన్ని ఉంచుకోనివ్వండి, పంట డబ్బు ఆ సంస్థ దగ్గర కలిసి అడుగుదాం అని చెప్పండి. ఆయన జేబులోంచి తీయమనడం లేదని తెలిస్తే మెత్తబడతారు.

సుజాత_ప్రత్తిపాడు | ఫిబ్రవరి 5, రాత్రి 9.15

ప్రసాద్ గారూ, ఇలా ఎవరూ చెప్పలేదు మాకు. నాన్న ఆయన మీదే కోపం పెట్టుకున్నారు. ఆదివారం నేనే ఫోన్ చేస్తాను.

రైతు సేవా కేంద్రంలో అడిగాం. ఈ-క్రాప్‌లో మిర్చి, రెండెకరాలు, సాగుదారు దగ్గర నాన్న పేరే ఉంది! అక్టోబరులో అక్కడి అమ్మాయి పొలానికి వచ్చి ఫొటో తీసుకుంది, నాన్నకి అది గుర్తే లేదు.

కన్వేయర్_శ్రీను | ఫిబ్రవరి 6, రాత్రి 12.20

డ్యూటీ దిగి రాస్తున్నాను. వేరే టాపిక్ అనుకోకండి, నాకిది ఒకటే అనిపిస్తోంది. నేను ఒక థర్మల్ ప్లాంటులో బొగ్గు బెల్టు మీద 14 ఏళ్లుగా కాంట్రాక్టు పని చేస్తున్నా. టెండరు మారినప్పుడల్లా కొత్త కాంట్రాక్టరు, కొత్త గేట్ పాసు, సర్వీసు మళ్లీ సున్నా నుంచి. మనిషిని నేనే, బెల్టు అదే. పాత యూనిట్లు మూసేస్తారని క్యాంటీన్‌లో రోజూ మాట. పర్మినెంటు వాళ్లను ఇంకో చోటికి బదిలీ చేస్తారు. మా సంగతి ఏ కాగితంలోనూ లేదు. బొగ్గు పొడి పీల్చినవాళ్లం మేమే, రేపు ముందు బయటికి పోయేదీ మేమే. ఇలాంటివాళ్లకి చట్టం ఏదైనా ఉందా సార్?

రిటైర్డ్_ఏఈ_కొండపల్లి | ఫిబ్రవరి 6, ఉదయం 8.00

శ్రీనూ, నువ్వు ఏ ప్లాంటో అడగను. ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు కేంద్రం సంగతి చెప్తా. అక్కడ మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 210 మెగావాట్లవి ఆరు, తర్వాత 500ది ఒకటి, 2023లో 800ది ఒకటి. దాని మీద బతికేది లోపలివాళ్లు మాత్రమే అనుకోకూడదు. బూడిద లారీలు, ఇటుక బట్టీలు, టీకొట్లు, అద్దె గదులు అన్నీ దాని చుట్టూనే లేచాయి. ఇలాంటి కేంద్రం ఏదైనా ఎప్పటికైనా మూతపడితే ఆ చుట్టుపక్కల బతుకులు ఏమవుతాయో పదేళ్ల ముందే కూర్చుని లెక్క వేయాలి. జర్మనీవాళ్లు 2038కల్లా బొగ్గు ఆపుతామని 2020లో చట్టం చేసినప్పుడు బొగ్గు జిల్లాలకు 40 బిలియన్ యూరోల దాకా పక్కన పెట్టారు. స్పెయిన్‌లో 2018లో గనులు మూసే ముందు ప్రభుత్వం కార్మిక సంఘాలతో ఒప్పందం రాసుకుంది. మనం 2070కి నెట్ జీరో అన్నాం. మనుషుల లెక్క మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు.

బెజవాడ_వకీలు | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 2.40

శ్రీను గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. కాంట్రాక్టు కార్మికుణ్ణి ప్లాంటు వాళ్లు తమ ఉద్యోగిగా నేరుగా తీసుకోవాలన్న హక్కు లేదని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాంట్రాక్టు బూటకమని, అసలు యజమాని ప్లాంటేనని రుజువు చేస్తే వేరే సంగతి.

పని నుంచి తీసేస్తే ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఉంటుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కొత్తది ఒకటుంది. తీసేసిన కార్మికుడికి కొత్త పని నేర్చుకోవడానికి యజమాని ఇంకో 15 రోజుల జీతం నిధిలో కట్టాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాకు రావాలి. 14 ఏళ్లు బెల్టు మీద పనిచేసిన మనిషి 15 రోజుల జీతంతో ఏం నేర్చుకుంటాడని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అదే కోడ్‌లో, మూసివేతకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అనే హద్దును 100 మంది కార్మికుల నుంచి 300కు పెంచారు.

మీకు సర్వీసు సున్నా నుంచి మొదలవుతోంది అన్నారు. కాంట్రాక్టరు మారినా మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) మారదు. ఆ పాస్‌బుక్‌లో 14 ఏళ్లూ వరసగా కనిపిస్తాయి. ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. పాత గేట్ పాసులు ఒక్కటి కూడా పారేయకండి.

ఆటోనగర్_ఖాదర్ | ఫిబ్రవరి 6, రాత్రి 10.05

సుజాత చెల్లెమ్మకి ఈ-క్రాప్ దొరికింది, శ్రీను తమ్ముడికి పీఎఫ్ ఉంది. నా దగ్గర ఏముందో చూసుకుంటున్నా.

డీజిల్ పంపు మెకానిక్‌ని, 26 ఏళ్లు. నాజిల్‌ని టెస్టర్‌కి బిగించి లివర్ కొడితే డీజిల్ పొగమంచులా పలచగా రావాలి. చుక్క కారిందంటే సీటు పోయినట్టే. చెవితో చప్పుడు విని చెప్పేస్తా ఎన్ని బార్ల ప్రెషర్ దగ్గర విడిచిందో. ఈ విద్య మా మామ నేర్పాడు, నేను ఆరుగురు కుర్రాళ్లకి నేర్పా. ఇద్దరు ఇప్పటికే వేరే పనికి పోయారు. ఎలక్ట్రిక్ ఆటోకి నాజిల్ ఉండదు. ఎలక్ట్రిక్ బస్సు రిపేరు కంపెనీవాళ్లే చూసుకుంటారు, ఆటోనగర్ గేటు దాటి లోపలికి రాదు.

ఢిల్లీలో సుప్రీంకోర్టు 1998లో బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలన్నప్పుడు మా వాళ్లు అక్కడ పనిచేసేవారు. గాలి బాగుపడింది, పిల్లల దగ్గు తగ్గింది, మంచిదే. కిట్టు పెట్టించుకోలేక బండ్లు అమ్ముకున్నవాళ్ల సంగతి మాత్రం ఏ పేపర్లోనూ రెండో రోజు రాలేదు. వకీలు సాబ్, నాలాంటివాడు ఏ కోర్టుకి వెళ్లాలి?

బెజవాడ_వకీలు | ఫిబ్రవరి 6, రాత్రి 11.45

ఖాదర్ భాయ్, మీకు కేసు లేదు. ఈ మాట చెప్పడానికి అరగంట పట్టింది నాకు.

చట్టానికి ఎదుటివాడు ఒకడు కావాలి. సుజాత గారి తోట తొక్కినవాడు ఉన్నాడు, శ్రీనుని తీసేసేవాడు ఉంటాడు. మీ పని తీసేది ఎవరో ఒకరు కాదు. భూసేకరణ చట్టం 2013లో భూమి లేని వ్యవసాయ కూలీని, కౌలుదారుని, చేతివృత్తివాణ్ణి కూడా, మూడేళ్లు అక్కడ పనిచేసి ఉంటే, నష్టపోయిన కుటుంబం కింద లెక్కేశారు. భూమి సేకరిస్తేనే అది. బండి ఇంజను మారితే పోయే బతుకుకు అలాంటి నిర్వచనం ఏ చట్టంలోనూ రాయలేదు. అది కోర్టులో గెలిచేది కాదు, అసెంబ్లీలో రాయించుకోవాల్సింది. ఆటోనగర్‌లో ఎంతమంది ఏ పని చేస్తున్నారో, ఎవరి వయసెంతో మీ సంఘమే ఒక పుస్తకంలో రాయడం మొదలుపెడితే, రేపు పాలసీ రాసేవాడి ముందు పెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది. అర్జీ నేను రాసిస్తాను, ఫీజు మాట ఎత్తకండి.

సింగ్‌నగర్_కిరణ్ | ఫిబ్రవరి 7, ఉదయం 7.40

ఖాదర్ అన్నా, రాత్రి మీది చదివాక నిద్ర పట్టలేదు. వరదలో తడిసిన మా నాన్న బండి ఇంజను బాగుచేసింది ఆటోనగర్ మెకానిక్కే, నెల రోజులు డబ్బు అడగలేదు. మొన్న నేను రాసినదాంట్లో పని ఆగకూడదు అన్నది ఇప్పటికీ అంటాను. కానీ కేసులు వేసేవాళ్లే ఆలస్యానికి కారణం అన్నట్టు రాశాను, అది తప్పు. పంచనామా ముందే రాసి, పంట డబ్బు ముందే ఇచ్చి ఉంటే సుజాత అక్క ఇక్కడికి వచ్చేదే కాదు. మీ పుస్తకానికి కంప్యూటర్ పని నేను చేస్తా, ఆదివారం ఖాళీ.

నిర్వాహకులు | ఫిబ్రవరి 7, ఉదయం 9.00

దయచేసి సర్వే నంబర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఒక పోస్టులో ఉన్నవి తీసేశాం. ఉచిత న్యాయ సహాయం కావాల్సినవాళ్లు 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేదు.

సుజాత_ప్రత్తిపాడు | ఫిబ్రవరి 24, రాత్రి 8.30

ఆలస్యంగా వస్తున్నాను, క్షమించండి. జరిగింది చెప్తాను.

ఆదివారం ఆసామికి ఫోన్ చేశాను. ప్రసాద్ గారు చెప్పినట్టే చెప్పాను, మీ డబ్బు మాకొద్దు, పంట డబ్బు వాళ్లని అడగడానికి మీ మాట తోడు కావాలి అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనకొచ్చిన కాగితం వాట్సాప్‌లో పంపారు. ఏఈ గారు అన్నట్టే, అందులో పంట పద్దు ఎదురుగా గీత పెట్టి ఉంది. అంటే ఎవరికీ ఇవ్వలేదు!

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. ఈ-క్రాప్ కాగితం, 11 ఫొటోలు, వకీలు గారు రాసిచ్చిన రెండు పేజీలు జతచేశాం. పదో రోజున వీఆర్వో, ఉద్యానశాఖ ఆయన, లైన్ సూపర్‌వైజర్ ముగ్గురూ పొలానికి వచ్చారు. మొన్న పోలీసులొస్తారన్న మనిషే ఈసారి టేపు రెండో కొస పట్టుకున్నాడు. కొలిస్తే 27 సెంట్లు. పక్క సాళ్లలో కాయ చూసి ఎకరానికి పాతిక క్వింటాళ్ల లెక్క వేశారు. పంచనామాలో సాగుదారు అన్నచోట నాన్న పేరు రాసి సంతకం పెట్టమన్నారు. చేతులకి మిర్చి ఘాటు ఉందని నాన్న పంచెకు రెండుసార్లు తుడుచుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశారు. నలభై ఏళ్లుగా ఊళ్లో ఎవరో ఒకరి పొలం దున్నుతున్నారు, ఒక ప్రభుత్వ కాగితంలో పంట పక్కన తన పేరు చూడటం ఇదే మొదటిసారి అన్నారు.

డబ్బు ఇంకా రాలేదు. నెల చూసి రాకపోతే జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వేద్దాం అన్నారు వకీలు గారు. వచ్చే ఏడు కార్డుకు సంతకం గురించి ఆసామి ఆలోచిస్తానన్నారు. రెండో కోత గురువారం, కూలీలకు చెప్పేశాం. ఖాదర్ అన్నా, మీ పుస్తకంలో ఎన్ని పేర్లయ్యాయి?

ఆటోనగర్_ఖాదర్ | ఫిబ్రవరి 24, రాత్రి 10.50

మూడో రోడ్డు దాకా అయింది చెల్లెమ్మా, 212. పంపు పనివాళ్లు, రేడియేటర్ వాళ్లు, సైలెన్సర్ వెల్డింగ్ వాళ్లు. కిరణ్ వయసు కాలమ్ విడిగా పెట్టాడు. రేపు నాలుగో రోడ్డు.